తెలియదన్న మాట

కిందికి పంపిన పళ్ళెం పంపినట్టే పైకి వచ్చింది.

తల్లి దాన్ని వంటగట్టు మీద పెట్టి, మూత తీసి చూసి, మళ్ళీ మూసింది. "చెయ్యి కూడా పెట్టలేదు," అంది గోడతో చెబుతున్నట్టు.

పెద్దమ్మాయి అద్దం ముందు నుంచి కదల్లేదు. జుట్టు సగం తెల్లబడినా, ఈతకొలనులో అందరూ సూపరింటెండెంటు మేడం అని లేచి నిలబడుతున్నా, ఇంట్లో ఆమె పెద్దమ్మాయే.

"ఆకలి లేదేమోనమ్మా తమ్ముడికి."

"ఆదివారం నుంచీ లేదా ఆకలి? రోజూ ఈపాటికి స్కూలు బస్సు బయటికి తీసి హారన్ కొట్టేవాడు. వాడి కూతురు పిట్ట కిటికీలోంచి చెయ్యి ఊపేది. ఇప్పుడు కింద వాటాలో మనుషులున్నారో లేరో కూడా తెలియడం లేదు."

పెద్దమ్మాయి దువ్వెన కింద పెట్టింది.

"నాకొకటే అర్థం కాదు," తల్లి ఆగలేదు. "ఆ కొలనుకి నువ్వు పెద్ద ఆఫీసరువి. నీ తోడబుట్టినవాణ్ణి నీ చోట్లోనే నలుగురూ చూస్తుండగా గెంటారు. నువ్వేమో నీళ్ళ మోటారు గదిలో ఉన్నావు. అంత గోల జరిగితే నీ చెవిన పడకపోవడమేమిటి?"

"మోటార్ల చప్పుడమ్మా."

ఆ మాట ఆమె కల్పించింది కాదు. ఆదివారం ఇంటికి వచ్చి తమ్ముడే చెప్పాడు, అక్క మోటారు గదిలో ఉంది, తనకేమీ తెలియదు అని. ఆమె కాదనలేదు. ఆ రోజు నుంచీ ఎవరు అడిగినా ఆ మోటారు గదిలోకే వెళ్ళి దాక్కుంటోంది.

తలుపు దగ్గర అలికిడి అయింది. తమ్ముడి భార్య ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ దిగి నేరుగా పైకి వచ్చినట్టుంది, చెప్పులు విడిచి గడప ఇవతలే నిలబడింది.

"వదినా, ఇవాళ మీ కొలను కమిటీ మీటింగట కదా. స్కూలు వాళ్ళు కూడా వస్తున్నారట."

"అవునమ్మా."

"ఆయన ఏమీ చెప్పరు. అడిగితే పక్కకి తిరిగి పడుకుంటారు. ఆ వీడియో ఎవరి ఫోన్లో చూసినా ఉంది. మా వార్డులో కూడా చూస్తున్నారు. నా మొగుడని తెలియక నాకే చూపించింది ఒకావిడ." ఆమె కొంగు చివర వేలికి చుట్టుకుంది. "స్కూలు వాళ్ళు బస్సు తాళాలు తీసేసుకున్నారు. ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గదిలోకి దూరినవాడి చేతికి మా పిల్లల్ని ఎలా అప్పగిస్తామని తల్లులు ఫోన్లు చేస్తున్నారట."

పెద్దమ్మాయి దువ్వెనలో చిక్కుకున్న వెంట్రుకలు తీసింది.

"మీరక్కడ ఉండుంటే ఇంతదూరం వచ్చేది కాదు వదినా. మా తమ్ముడేనని మీరు ఒక్క మాట అంటే చాలు, అందరి నోళ్ళూ మూతపడేవి. పోనీలెండి, మీకు తెలియకపాయె. ఇవాళైనా ఆయన ఎలాంటివారో చెప్పండి. మీ మాటకి అక్కడ విలువుంది."

"చెప్తాను," అంది పెద్దమ్మాయి. ఆ మాట సగమే పైకి వచ్చింది.

మరదలు ఎర్రబడిన కళ్ళతోనే నవ్వి కిందికి వెళ్ళిపోయింది. తనమీద అంత నమ్మకం పెట్టుకున్న ఆ నవ్వు చూశాక పెద్దమ్మాయికి చెప్పులు ఎక్కడ విడిచిందో గుర్తు రాలేదు.

*

గేటు దగ్గర తమ్ముడు నిలబడి ఉన్నాడు. మాసిన గడ్డం. బస్సు ఆగే చోట నేలమీద నూనె మరక ఉంది. దానివంకే చూస్తున్నాడు.

"ఒరేయ్," అంది ఆమె మెల్లగా. "అన్నం తిను."

"తింటాను."

"అమ్మ బాధపడుతోంది."

"తింటానన్నాను కదా."

ఆమె గేటు తియ్యబోయి ఆగింది. "మీ ఆవిడ పైకి వచ్చింది. నేను అక్కడ లేననే అనుకుంటోంది ఇంకా."

"అనుకోనీ."

"ఎందుకురా అలా చెప్పావు?"

తమ్ముడు ఆమె మొహంవంక చూడలేదు. "అది తెల్లారి లేచి నీ మొహం చూడాలి. పిట్టని నీ దగ్గర వదిలి డ్యూటీకి వెళ్ళాలి. ఒకే కప్పు కింద ఉంటున్నాం. నిజం తెలిస్తే నీతో మాట్లాడుతుందా?"

"నా కోసమా?"

"నీ కోసమో, నా కోసమో. చెప్పేశాను, అయిపోయింది. నువ్వు కూడా ఆ మాట మీదే ఉండు."

 ఆదివారం జరిగింది, తను చూసిందీ తర్వాత విన్నదీ, జరిగినట్టే ఆమె కళ్ళముందుకు వచ్చి నిలబడింది.

పిట్టకి నాలుగేళ్ళు నిండాయి. ఆ వయసు దాటిన ఆడపిల్ల మగవాళ్ళ గదిలోకి రాకూడదు, మగపిల్లాడు ఆడవాళ్ళ గదిలోకి పోకూడదు. కొలనులో ఆ రూలు పెట్టింది పెద్దమ్మాయే. అందుకని తమ్ముడు పిల్లని ఈత అయ్యాక ఆడవాళ్ళ గది గుమ్మం దాకా తెచ్చి, బట్టల సంచీ చేతికిచ్చి లోపలికి పంపేవాడు. లోపల ఆయా చూసుకునేది. ఆ రోజు ఆయా సెలవు. పిల్ల స్నానాల గదిలో దూరి గడియ పెట్టుకుంది. తియ్యడం రాలేదు. వేడినీళ్ళ కుళాయి తిప్పుకుంది. దాని ఏడుపు విని తమ్ముడు గుమ్మంలో నిలబడి ఎవరైనా ఉన్నారా అని అరిచాడు. కొలనులో ఆడవాళ్ళ వ్యాయామం క్లాసు జరుగుతోంది, పాటల హోరులో ఎవరికీ వినబడలేదు. లోపలికి పరిగెత్తాడు. తలుపు భుజంతో తోసి, పిల్లని చొక్కాలో చుట్టి ఎత్తుకున్నాడు. సరిగ్గా అప్పుడే క్లాసు అయిపోయి ఆడవాళ్ళు లోపలికి వచ్చారు.

పెద్దమ్మాయి అరుపులు విని వచ్చేసరికి వీడియో తియ్యడం కూడా అయిపోయింది. బనీను, తడి ప్యాంటు, చెప్పుల్లేని కాళ్ళు. భుజం మీద పిట్ట. తమ్ముడు అక్కని చూడగానే అమ్మయ్య అన్నట్టు ఒక్క అడుగు ముందుకు వేశాడు.

"మీకు తెలిసినవాడా మేడం?" అని అడిగిందొక సభ్యురాలు.

పెద్దమ్మాయి తమ్ముడి మొహంవంక చూసింది.

"నాకు తెలియదు. బయటికి నడవండి," అంది.

ఇప్పుడు గేటు దగ్గర అదే మొహం. ఆమె ఏదో అనబోయింది. తమ్ముడు గేటు తీసి పట్టుకున్నాడు, చిన్నప్పటి నుంచీ అలవాటుగా. ఆమె తల వంచుకుని బయటికి వచ్చింది.

*

కొలను దగ్గర కౌంటరు ముందు ఒకాయన నిలబడి ఉన్నాడు. చంకలో చంటిపిల్ల, పక్కన తల తుడుచుకోని ఆడపిల్ల, సంచీ పట్టీ పళ్ళమధ్య. పిల్ల ఒంటినుంచి కారిన నీళ్ళు నేలమీద మడుగు కట్టాయి.

"దీనికి బట్టలు ఎక్కడ మార్చమంటారండీ?" అడుగుతున్నాడు, పట్టీ నోట్లోంచి తీసి.

"పాపని ఆడవాళ్ళ వైపు పంపించండి," అన్నాడు కౌంటరులో గుమాస్తా.

"ఒక్కత్తినేనా? బొత్తాలు పెట్టుకోవడం రాదండీ దీనికి."

"రూలు సార్. మేడం వచ్చారు, వారినే అడగండి."

ఆయన ఆమెవంక తిరిగాడు. బతిమాలడానికి మాటలు వెతుక్కుంటున్నాడు. పిల్ల పళ్ళు టకటకలాడుతున్నాయి.

"నా గదిలోకి రండి," అంది పెద్దమ్మాయి.

గుమాస్తా నోరు తెరుచుకుని చూశాడు. ఆమె గదిలోకి వెళ్ళి కిటికీ తెర దించింది, బల్ల మీద ఫోను, కాగితాలు పక్కకు జరిపింది, కుర్చీ మీద తువ్వాలు పరిచింది. తను బయట నిలబడతానంటే ఆయన మొహమాటంగా నవ్వాడు. "కాస్త ఈ చంటిదాన్ని పట్టుకుంటారా? దీన్ని ఎక్కడ దించినా నేలంతా తడే."

చంటిది ఆమె కళ్ళజోడు లాగింది. ఆయన బల్ల మీద కూర్చోబెట్టిన పిల్లకి తల తుడిచి, అంటుకుపోయిన ఈత బట్ట విప్పి, గౌను తొడిగాడు. తడి కాళ్ళకి మేజోళ్ళు ఎక్కడం లేదు. ఊడబీకి మళ్ళీ మొదలుపెట్టాడు.

"మొన్న గొడవయ్యాక మా ఆవిడ నన్ను తీసుకెళ్ళొద్దంది మేడం. నేనే మొండికేసి వచ్చాను. పిల్లకి నీళ్ళంటే ఇష్టం. మా ఆవిడకి ఆదివారం తప్ప సెలవు లేదు. ఏం చెయ్యాలి చెప్పండి."

ఆమె చంటిదాని వీపు నిమిరింది.

"ఆ వీడియో నేనూ చూశాను. అందరూ అతని మొహం చూశారు. నేను చొక్కా ఏదా అని చూశాను. పిల్లకి చుట్టాడు. చెడ్డపనికి వెళ్ళినవాడు చొక్కా విప్పి పిల్లకి చుడతాడా? చుట్టూ తెలిసినవాళ్ళు ఒక్కరు కూడా లేరనుకుంటాను పాపం."

"ఇది జారిపోతోంది. పట్టుకోండి," అని ఆమె చంటిదాన్ని ఆయన చేతుల్లో పెట్టి బయటికి వచ్చింది.

ముక్కూమొహం తెలియని మనిషికి తన గది ఇచ్చింది. సొంత తమ్ముడికి ఒక్క మాట ఇవ్వలేకపోయింది. వెళ్తూ వెళ్తూ ఆయన పెట్టిన దండం ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

ఆడవాళ్ళ గది ఖాళీగా ఉన్న వేళ చూసి లోపలికి వెళ్ళింది. రోజూ తిరిగే గదే. నేల తుడిచారా, కుళాయిలు కారుతున్నాయా అని చూసి పోవడమే తప్ప ఎన్నడూ ఆగలేదు. ఇవాళ మోకాళ్ళ మీద వంగి పిట్ట ఎత్తుకి దిగి చూసింది. బట్టలు తగిలించే కొక్కేలు ఎక్కడో పైన ఉన్నాయి. బల్ల సన్నది, చంటిపిల్లని పడుకోబెడితే దొర్లిపోతుంది. స్నానాల గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది, పిల్లతో దూరిన తల్లి ఆ పిల్లని గోడకి అదిమితే తప్ప అది మూసుకోదు. లోపలికి వెళ్ళి గడియ వేసి చూసింది. వెయ్యడం తేలికే. తియ్యాలంటే పైకెత్తి లాగాలి. ఆమెకే రెండుసార్లు వేళ్ళు జారాయి.

తలుపు అవతల ఆడవాళ్ళ మాటలు వినబడ్డాయి. వాళ్ళు వెళ్ళేదాకా ఆమె లోపలే నిలబడింది. మోకాళ్ళ దగ్గర చీర తడిసి అంటుకుపోయింది. ఆ అవతారంతో నలుగురిలోకి రావడానికి మొహం చెల్లలేదు.

*

మీటింగు మేడమీద అద్దాల గదిలో. కింద నీళ్ళలో పిల్లల కేరింతలు అద్దాలు దాటి సన్నగా వినబడుతున్నాయి.

అధ్యక్షుడు గొంతు సవరించుకున్నాడు. మాట పెరగకుండా చూడటమే ఆయన జీవితాశయం. "ఎవడో బయటి మనిషి. మన మేడం వెంటనే బయటికి పంపించేశారు. జరిగింది అంతే. స్కూలు వారికి కూడా అదే చెబుదాం, ఇక్కడితో వదిలేద్దాం."

స్కూలు తరఫున వచ్చినాయన అక్కడ బస్సులన్నీ చూసుకునే పెద్ద. చేతిలో టోపీ తిప్పుతూ కూర్చున్నాడు. "మాకు అది చాలదండీ. అతను మా దగ్గర ఎన్నో ఏళ్ళుగా చేస్తున్నాడు. పిల్లలు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోకుండా బస్సు కదిపినవాడు కాదు. లోపలికి ఎందుకెళ్ళాడో చూసినవాళ్ళు ఒక్కరు చెబితే చాలు, రేపే తాళాలు ఇచ్చేస్తాను. లేకపోతే నా చేతుల్లో ఏమీ లేదు."

"నేను చూసింది అతను బయటికి వస్తుండగానే," అంది వీడియో తీసిన సభ్యురాలు. వృత్తికి లాయరు, అందరూ లాయరమ్మ అంటారు. మనిషి వాడిపోయి ఉంది. "మగ గొంతు వినగానే భయంతో ఫోను తీశాను. తియ్యడం తప్పని ఇప్పటికీ అనుకోను. నలుగురికీ పంపడం తప్పు. అది ఇన్ని చేతులు మారుతుందనుకోలేదు. కానీ లోపల ఏం జరిగిందో నేను చూడలేదు. చూడనిది చూశానని చెప్పలేను."

"చూశారా మరి," అన్నాడు అధ్యక్షుడు. "కాబట్టి బయటి మనిషి అని..."

"బయటి మనిషి కాదండీ. వాడు నా తమ్ముడు," అంది పెద్దమ్మాయి.

బస్సుల పెద్ద చేతిలో టోపీ ఆగిపోయింది.

"ఆ పాప నా మేనకోడలు. లోపల గడియ పడి ఏడుస్తుంటే వెళ్ళాడు. ఎవరైనా ఉన్నారా అని గుమ్మంలోంచి అరిచాకే వెళ్ళాడు."

లాయరమ్మ ఆమెవంక తిరిగింది. "నేనే కదా మిమ్మల్ని అడిగాను, తెలిసినవాడా అని."

"అడిగారు. అబద్ధం చెప్పాను."

"ఎందుకు?"

చెప్పడానికి ఆమె దగ్గర కారణాలు లేకపోలేదు. తనే పెట్టిన రూలు. సొంతవాళ్ళని వెనకేసుకొస్తుందనే మాట పడకూడదని. అవన్నీ నాలుక చివరి దాకా వచ్చాయి. కానీ అవి కూడా ఒక మోటారు గదేనని ఆమెకి తెలుస్తూనే ఉంది.

"తడి ప్యాంటుతో, బనీనుతో ఉన్నాడు. మీరంతా చూస్తున్నారు. నా తమ్ముడని చెప్పుకోడానికి సిగ్గేసింది," అంది.

 అధ్యక్షుడు మంచినీళ్ళ గ్లాసు అందుకుని తాగకుండా పెట్టేశాడు. ఆ గదిలో కూర్చున్నవాళ్ళు తనమీద కేకలేసినా బాగుండేదనిపించింది ఆమెకి. అందరూ మర్యాదగా బల్లవంక చూస్తున్నారు.

చివరికి బస్సుల పెద్ద నోరు విప్పాడు. కోపం లేదు ఆ గొంతులో. "ఈ ముక్క ఆ రోజే అక్కడే అనుంటే ఇంతదాకా వచ్చేది కాదమ్మా. కొలను సూపరింటెండెంటు చెప్పింది అనేవాణ్ణి. ఇవాళ చెబితే అక్క తమ్ముణ్ణి కాపాడుకుంటోంది అంటారు. అప్పుడు తెలియదన్న మనిషి ఇప్పుడు తెలుసంటే ఏ మాట నమ్మాలి? నేను నమ్ముతాను. మా పైవాళ్ళు నమ్మరు."

ఆమె కుర్చీ చేతులు పట్టుకుంది. నిజం చెబితే వాడి బరువు దిగుతుందనుకుంది. ఆలస్యంగా వచ్చిన నిజానికి చెల్లుబాటు ఉండదని ఆమెకి తోచనేలేదు.

"అయితే ఇంకొకటి చెబుతాను," అంది, కళ్ళెత్తకుండానే. "నా మాట ఆఖరిసారి వింటున్నామనుకుని వినండి. రెండు గదుల మధ్య సామాను గది ఉంది. విరిగిన కుర్చీలు, పాత తాళ్ళు తప్ప అందులో ఏమీ లేవు. దాన్ని ఖాళీ చేసి చిన్నపిల్లలున్నవాళ్ళకి ఇవ్వండి. తల్లయినా తండ్రయినా తాతయినా పిల్లలతో కలిసి లోపలికి వెళ్ళి మార్చుకునేలా తలుపులున్న పెద్ద అరలు కట్టించండి. చంటిపిల్లని దించడానికి అంచులున్న బల్ల. పిల్లలకి అందే కొక్కేలు. బయటినుంచి కూడా తీయగలిగే గడియ. ఇవాళ ఒకాయన పిల్లకి బట్టలు మార్చడానికి నా ఆఫీసు బల్ల వాడుకున్నాడు. రూలు రాసేటప్పుడు నేను పిల్లల వయసు చూశాను. వాళ్ళ చేతులు చూడలేదు."

"ఇది దానికి సమయమా మేడం?" అన్నాడు అధ్యక్షుడు.

"ఇంకెప్పుడండీ," అంది లాయరమ్మ. "నా మనవడికి ఆరేళ్ళు. మగవాళ్ళ గదిలోకి ఒక్కణ్ణీ పంపడానికి భయమేసి, తల మీద తువ్వాలు కప్పి ఆడపిల్లలా మా వైపే తీసుకొస్తున్నాను. వాడు పోయినసారి ఏడ్చాడు, నేను ఆడపిల్లనా అమ్మమ్మా అని. అక్కడ నిలబడి అతనిమీద ఫోనెత్తిన దాన్ని నేనే." ఆమె చూపు బల్ల మీదికి దించేసింది.

సామాను గది ఖాళీ చెయ్యడానికి అందరూ సరేనన్నారు. తర్వాత అధ్యక్షుడు పెద్దమ్మాయివంక తిరిగి, మాటలు కూడబలుక్కున్నాడు. "మీరు మాత్రం... ఈ వ్యవహారం తేలేదాకా కొంచెం ఇంటిపట్టున ఉంటే బాగుంటుంది. మరోలా అనుకోకండి."

"అనుకోను," అంది ఆమె. తమ్ముడితో కూడా ఎవరో ఇంత మెత్తగానే అని ఉంటారు, తాళాలు తీసుకునేటప్పుడు.

మెట్ల దగ్గర బస్సుల పెద్ద వెనకనుంచి వచ్చి కలిశాడు. "ఒక దారి ఉందమ్మా. లోపల ఏం జరిగిందో తెలిసింది ఆ పాపకే. మా చిన్నపిల్లల టీచరమ్మ ఉంది, మెత్తని మనిషి. ఆమె పాపతో ఒకసారి మాట్లాడితే పైవాళ్ళు ఒప్పుకుంటారు. తల్లీతండ్రీ సరేనంటేనే. రేపు పొద్దున తీసుకురమ్మనండి. మీరే చెప్పండి ఇంట్లో."

*

కింది వాటా తలుపు మరదలే తీసింది. పొద్దున్నుంచీ నిద్రపోయినట్టు లేదు. ఆడపడుచుని చూడగానే ఆశగా పక్కకి జరిగింది. "రండి వదినా. చెప్పారా?"

తమ్ముడు కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. పిట్ట నేలమీద బోర్లా పడుకుని రంగు పెన్సిళ్ళతో ఏదో దిద్దుతోంది. అత్త వచ్చిందని తెలిసినా తలెత్తలేదు. ఆదివారం దాకా ఆమె గొంతు వినబడితే పరిగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టుకునే పిల్ల.

"చెప్పాను," అంది పెద్దమ్మాయి.

"ఏం చెప్పావు?" తమ్ముడు గబుక్కున తిరిగాడు.

"జరిగింది చెప్పాను. అంతా."

"నిన్నెవరు చెప్పమన్నారు?"

మరదలు ఇద్దరివంకా మార్చి మార్చి చూసింది. "అదేమిటండీ, చెప్పకపోతే ఎలా? అందుకే కదా పొద్దున నేను..." ఆమె మాట మధ్యలోనే ఆగిపోయింది. "జరిగింది అంతా అంటే? మీరు అక్కడ లేరు కదా వదినా."

 పిట్ట చేతిలో పెన్సిలు ఆగింది.

"ఉన్నానమ్మా."

"ఎక్కడ?"

"అక్కడే. వాడి ఎదురుగా. వాడెవరో నాకు తెలియదన్నాను."

 మరదలు గోడకి చెయ్యి ఆనించి నిలబడింది.  ఆ తర్వాత భర్తవైపు తిరిగింది.

"మోటారు గది అన్నారు."

"నీకెందుకులే అని."

"పొద్దున నేను పైకి వెళ్ళి ఈవిడ్ని బతిమాలాను. మీకు తెలుసా? మీ మాటకి విలువుంది, మీరు చెప్పండి అని. ఈవిడ చెప్తానంది. మీరు కిందా, ఈవిడ పైనా. నన్ను మధ్యలో వెర్రిదాన్ని చేసి నిలబెట్టారు ఇద్దరూ కలిసి."

"అలా కాదే."

"ఎలా మరి?"

 పెద్దమ్మాయి మిగిలింది కూడా చెప్పేసింది. తన సాక్ష్యం చెల్లదన్నారని, పిట్టతో రేపు స్కూలు టీచరమ్మచేత మాట్లాడిస్తామన్నారని.

"కుదరదు," తమ్ముడు లేచి నిలబడ్డాడు. "బస్సు పోతే పోయింది. నేను ఏ మూటలైనా మోసుకుంటాను. దాన్ని పిలిచి, మీ నాన్న లోపలికొచ్చి ఏం చేశాడమ్మా అని అడుగుతారా? నేను బతికుండగా అడగనివ్వను."

"అడగకపోతే రేపు నలుగురు పిల్లలు దాని మొహం మీదే అంటారు. అది మంచిదా?" అంది మరదలు.

"నా పిల్ల అది."

"నా పిల్ల కూడా. నాతో సహా అందరి దగ్గరా దాచి మీరేం బాగుచేశారు?"

గొంతులు పెరుగుతున్నాయి. తల్లి పై మెట్టు మీదికి వచ్చి ఏమైందర్రా అని పిలుస్తోంది. ఈ ఇంట్లో వీళ్ళిద్దరూ ఇలా కొట్లాడుకోగా పెద్దమ్మాయి ఎన్నడూ చూడలేదు. మధ్యలోకి వెళ్ళే అర్హత తనకి లేదని తెలిసి గడప దగ్గరే నిలబడింది.

పిట్ట లేచి వచ్చి తల్లి కుచ్చెళ్ళు పట్టుకుంది.

"అమ్మా, నేను చెప్తా."

ముగ్గురూ ఆగిపోయారు.

"ఏం చెప్తావు తల్లీ?" మరదలు కింద కూర్చుని పిల్ల మొహం చేతుల్లోకి తీసుకుంది. ఆదివారం నుంచీ ఆ పిల్ల దాని గురించి నోరు విప్పలేదు.

"ఏం జరిగిందో చెప్తా. టీచరుకి కూడా చెప్తా." పిట్ట తల్లి చెవి దగ్గరికి వంగింది, గుసగుసలాడుతున్నాననుకుంది కానీ అందరికీ వినబడింది. "అత్త వెళ్ళిపోయాక."

పెద్దమ్మాయి తమ్ముడివంక చూసింది. పొద్దున గేటు తీసి పట్టుకున్నవాడు ఇప్పుడు కదల్లేదు. ఆమె తనే తలుపు తీసుకుని బయటికి వచ్చి, తనే చేరవేసింది.

మెట్ల మీద సాయంత్రపు ఎండ ఇంకా ఉంది. పైనుంచి తల్లి, "ఏమన్నారే?" అని అడుగుతోంది. ఆమె చెయ్యెత్తి ఆగమన్నట్టు సైగ చేసింది. తలుపు వెనక పిట్ట గొంతు మొదలైంది, సన్నగా, ఆగి ఆగి. మాటలు విడివిడిగా తెలియడం లేదు. నీళ్ళు అన్న మాటొకటి, నాన్న అన్న మాటొకటి. మధ్యలో తమ్ముడి ఏడుపు. వాడు పెద్దయ్యాక ఏడవగా ఆమె వినలేదు.

కొంతసేపటికి మరదలి గొంతు స్పష్టంగా వినబడింది.

"అప్పుడు అత్త ఏమందమ్మా?"

 పెద్దమ్మాయి రెయిలింగు పట్టుకుంది. గబగబా మెట్లెక్కి పోతే ఆ జవాబు తన చెవిన పడదు. తల్లి పైనుంచి మళ్ళీ పిలిచింది.

ఆమె ఎక్కలేదు.